సెలవులయ్య యుద్ధాలు

సెలవులయ్య ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం యుద్ధం చేశాడు. ఈటెలతో చేశాడు, విల్లంబులతో చేశాడు, ఫిరంగులతో, టాంకులతో చేశాడు. కోటలు కూలాయి, వంతెనలు తెగాయి, రాజధానులు చేతులు మారాయి. కానీ ఆయన యుద్ధాల్లో ఒక్క సైనికుడు కూడా చనిపోలేదు. ఆయన చనిపోనిచ్చేవాడు కాదు. దెబ్బ తిన్న ప్రతివాడూ సెలవు మీద ఇంటికి వెళ్ళాల్సిందే. అదీ ఊరికే వెళ్ళడానికి వీల్లేదు. కారణం రాసి, రోజులు వేసి, సంతకం పెట్టిన చీటీ ఉండాలి.

ఆ పేరు ఫ్యాక్టరీలో వచ్చింది. అక్కడ టైమాఫీసులో ఆయన సెలవుల గుమాస్తా. పదహారు వందల మంది పనివాళ్ళలో ఎవరి పెద్దమ్మకు ఎన్నిసార్లు గుండెపోటు వచ్చిందో ఆయనకు నోటికి వచ్చు. ఇది నాలుగోసారి, ఈసారికి ఇంకెవరికైనా రప్పించుకో అని మెత్తగా మందలించి, తర్వాత సంతకం పెట్టేవాడు. ఆయన బల్ల ముందు అబద్ధమాడిన వాడికి కూడా సెలవు దొరికేది, కాకపోతే అబద్ధం ఆయనకు నచ్చాలి.

ఇక సైన్యం సంగతి. ఒక్కో సైనికుడు నిలబడితే చిటికెన వేలి గోరంత ఉండేవాడు. కొవ్వొత్తి మైనంతో ఒకే ఒక్క మనిషిని చెక్కి, వాడి చుట్టూ ప్లాస్టరు పోసి అచ్చు తీసి, చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు కరిగించి అందులో పోసేవాడు. పూటకు పన్నెండు మంది. ఆ ఒక్క అచ్చుతోనే మూడు వేల ఏళ్ళ చరిత్ర నడిపాడు. టోపీ మారిస్తే శతాబ్దం మారుతుందన్నది ఆయన సిద్ధాంతం. తలమీద చుక్క జిగురు వేస్తే ఇనుప శిరస్త్రాణం, గుండుసూది తల అంటిస్తే ఎత్తు టోపీ. చేతిలో నిలువు పోగు పెడితే ఈటె, దాన్నే సగానికి కత్తిరిస్తే తుపాకి. డాళ్ళు మాత్రం ఆఫీసువే. కాగితాలకు చిల్లులు పొడిచే మిషను కింద రాలే గుండ్రటి ముక్కల్ని పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. అవన్నీ సెలవు అర్జీల ముక్కలు కాబట్టి, దగ్గరగా చూస్తే ఒక వీరుడి డాలు మీద ‘జ్వ’ అనీ, ఇంకొకడి డాలు మీద ‘విరే’ అనీ కనిపించేది.

ఈటెల పోగులు పళ్ళు తోముకునే బ్రష్షుల నుంచి పీకినవి. ఆ ఇంట్లో ముగ్గురికీ ఎప్పుడూ బట్టతల బ్రష్షులే. నా బ్రష్షేదండీ అని భార్య స్నానాల గదిలోంచి అడిగితే, కొండెక్కుతోంది, ఇప్పుడు పిలవకు అనేవాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిగుళ్ళకు పట్టిన గతిని వేలితో సరిచేసుకునేది.

ఈ సైనికులది ఏ దేశమని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. ఈ ఆదివారం ఎటు తిప్పి నిలబెడితే అటు.

ఎదుటి పక్షం ఎప్పుడూ ఒక్కరే, వెనక వీధి దర్జీ. ఆయనా అదే ఫ్యాక్టరీలో యూనిఫారాలు కుట్టేవాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా బావా అంటే బావా. అందువల్ల సెలవులయ్య కూతురికి ఆయన మామయ్య అయ్యాడు. మెడలో టేపుతోనే యుద్ధానికి వచ్చేవాడు. గుర్రం ఒక ఎత్తుకు ఎంత దూరం పోవచ్చో ఆ టేపుతో కొలిచేవాడు, అరంగుళం కలిపి.

ఒకసారి దర్జీ ఫిరంగి ఒకే గుండుతో మూడు వరసల్ని లేపేసింది. సెలవులయ్య కళ్ళజోడు సర్దుకుని పద్దెనిమిది చీటీలు ముందేసుకున్నాడు. ఒకడికి అద్దె ఇల్లు మారే పని, ఒకడికి బావమరిది పెళ్ళి, ఒకడికి నడుం పట్టేసింది. పదహారోవాడి దగ్గర కలం ఆగింది.

“వీడికి పోయిన నెల కూడా పంటినొప్పే. ఇవ్వను.”

“ఇవ్వకపోవడమేంటి బావా? గుండు తగిలింది వాడికి.”

“తగిలితే తగిలింది. సెలవు లేదు. డ్యూటీలో ఉంటాడు.”

ఆ పంటినొప్పివాడే సాయంత్రానికి దర్జీ రాజధానిని పట్టుకున్నాడు. దర్జీ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు సెలవులయ్య చొక్కా గుండీ చేత్తో తెంపుకుని, కుట్టించుకునే నెపంతో వెనక వీధికి వెళ్ళాడు. గుండీతో పాటు మాటలూ కుదిరాయి.

ఇంకోసారి చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారొకాయన, ఈ యుద్ధాల బల్ల గురించి విని చూడటానికి వచ్చాడు. వచ్చి, ఈటెలవాళ్ళ పక్కన టాంకు నిలబడి ఉండటం చూసి తల పట్టుకున్నాడు. ఆ టాంకు పెన్సిలు రాతలు చెరిపే రబ్బరు ముక్క అని తెలిశాక ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, ఇలాంటి చోట జరిగిన ఒక పాత యుద్ధంలో పదివేల మంది చనిపోయారని చెప్పబోయాడు. సెలవులయ్య అడ్డుపడి, అలాంటిదేమీ జరగలేదని, పదివేల మందీ సెలవులో ఉన్నారని, కావాలంటే చీటీలు చూపిస్తానని లేచాడు. మాస్టారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇదంతా చూసినవాళ్ళకు నవ్వు. కూతురికి మాత్రం చిన్నప్పుడు నవ్వు, పెద్దయ్యాక చిరాకు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. రోగి ఇక లేడన్న మాట డాక్టరు సగం చెప్పి ఫోను మోగిందని వెళ్ళిపోతే, మిగతా సగం చెప్పేది ఆమే. ‘పోయారు’ అని కూడా అనేది కాదు. ఎక్కడికి పోయారని అడిగిన ముసలమ్మలు ఉన్నారు ఆ వార్డులో. అందుకని ‘చనిపోయారు’ అనే అనేది. కూర్చోబెట్టి, కళ్ళలోకి చూసి, ఒక్కసారే. ఇంటికి వచ్చేసరికి తండ్రి సీసపు ముక్కకు కడుపునొప్పి అని చీటీ రాస్తుంటే ఆమె ఒళ్ళు మండేది. ఆ మాటంటే నాన్నకు భయం అనుకునేది. తల్లి పోయినప్పుడు అది నమ్మకమే అయింది. బంధువులందరికీ ఆయనే ఫోన్లు చేశాడు. నువ్వు బయల్దేరి రా అన్నాడే తప్ప ఎందుకో ఒక్కరికీ చెప్పలేదు. రెండో పిన్ని అయితే శుభకార్యమేదో కుదిరిందనుకుని, మంచి చీర కట్టుకుని దిగింది. ఆ చీరతోనే మూడు రోజులూ గోడకు ఆనుకుని కూర్చుంది పాపం.

ఆఖరికి ఆయన వంతు వచ్చింది. గుండె నీరసించి, కూతురు పనిచేసే ఆసుపత్రిలోనే చేరాడు. ఎలా ఉందని డాక్టరు అడిగితే, రెండు రోజులు క్యాజువల్ లీవు పెట్టాను, మూడో రోజు డ్యూటీలో చేరతానన్నాడు. డాక్టరు నవ్వాడు. కూతురు నవ్వలేదు. రిపోర్టులు ఆమె చూసింది.

“నాన్నా, ఒక్కసారి నాతో సూటిగా మాట్లాడు. నీకు భయంగా ఉందా?”

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. చూసి, ఇంట్లో సైనికుల రంగుల బ్రష్షు కడిగావా, ఎండిపోతే పాడైపోతుంది అన్నాడు.

ఆమె విసురుగా లేచి బయటికి వెళ్ళింది. పది నిమిషాల్లో తిరిగొచ్చింది, పక్కనే కూర్చుంది, చెయ్యి పట్టుకుంది. కానీ మాట్లాడుకోవడానికి ఆ తర్వాత వ్యవధి లేకపోయింది. తండ్రితో తన ఆఖరి మాట ఒక విసురు. తండ్రి తనతో చెప్పిన ఆఖరి మాట ఒక బ్రష్షు. పిరికితనంతో వెళ్ళిపోయాడు నాన్న అనే ముల్లు ఆమెకు అక్కడ గుచ్చుకుంది. ఏడుస్తున్నా అది కదిలేది కాదు.

అప్పటికి దర్జీ మామయ్య ఊళ్ళో లేడు. కంటి ఆపరేషనుకని వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాడు. నలభై రోజులదాకా కంట తడి పెట్టకూడదని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని సెలవులయ్య పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన కూతురే ఫోను చేసింది. అక్కా, నా వల్ల కావడంలేదు, ఎలాగూ మీ ఇంటికే ముందు వస్తాడు, నువ్వైతే ఇలాంటివి రోజూ చెప్తావు కదా అంది. చెప్తాను అంది ఈమె. అది తనకు ఏమంత పని అనుకుంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి దర్జీ మామయ్య వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, మెడలో టేపు. గుమ్మం పట్టుకుని చెప్పులు విడిచి, తిన్నగా ముందు గదిలోకి నడిచాడు. పాత మంచం మీద చెక్క పలక పరిచి చేసిన ఆ యుద్ధాల బల్ల, సెలవులయ్య వదిలి వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“ఏడీ మా బావ?”

వార్డులో అయితే ఆమెకు వరస తెలుసు. ముందు కూర్చోబెట్టాలి, తర్వాత పేరు చెప్పాలి, తర్వాత ఆ మాట. కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. పేరు దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తిరిగింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా గిన్నె ముందు నిలబడింది. తిరిగొచ్చి నోరు తెరిచింది. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వింతగా వినిపించింది.

“నాన్న... ఊళ్ళో లేడు మామయ్యా.”

దర్జీ మామయ్య బల్ల వైపు తిరిగాడు. ముందుకు వంగి, ఒక గుర్రపురౌతు తల మీదుగా వేలితో రాశాడు. వేలి కొనను కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

“బావ ఊళ్ళో లేకపోయినా దుమ్ము ఊళ్ళోనే ఉందే.”

ఆమె తల దించుకుంది. వార్డులో వందలమందికి చెప్పిన మనిషి, ఒక్క ముసలాయనకు చెప్పలేక గోడవైపు చూస్తోంది. తండ్రి గురించి అనుకున్న మాటలన్నీ ఇప్పుడు వరసకట్టి తన ముందే నిలబడ్డాయి.

“నేనూ నాన్న లాగే అయ్యాను మామయ్యా,” అంది. “ఆ మాట నోటికి రావడంలేదు. ఆయనకు జన్మలో రాలేదు.”

“ఎవరు చెప్పారు నీకు?” అన్నాడు దర్జీ మామయ్య. “నాకు ఆ మాట చెప్పింది మీ నాన్నే.”

అప్పుడు ఆయన చెప్పాడు. మామయ్య కొడుకు నిజం సైన్యంలో చేరాడనీ, ఇరవై రెండేళ్ళకే పోయాడనీ ఆమెకు తెలుసు. అప్పుడామెకు ఏడేళ్ళు. పోయింది యుద్ధంలో కాదు, కొండదారిలో లారీ తిరగబడి. తెలియనిది, ఆ కబురు మామయ్యకు ఎలా చేరిందన్నది. టెలిగ్రాం ఫ్యాక్టరీకి వచ్చింది. మేనేజరు కుట్టు విభాగం బయట అటూ ఇటూ తిరిగి వెనక్కి పోయాడు. సూపర్‌వైజరు లోపలికి వచ్చి, ఒంట్లో బాగాలేకపోతే ఇంటికి వెళ్ళరాదూ అన్నాడు, వెళ్ళిపోయాడు. పక్క మిషన్లవాళ్ళు ఒక్కొక్కరే కుట్టడం ఆపేస్తున్నారు. ఎందుకో ఈయనకు తెలియదు. అప్పుడు టైమాఫీసు నుంచి సెలవులయ్య వచ్చాడు.

“నా మిషను తనే ఆపాడు. స్టూలు లాక్కుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు. ‘బావా, మీ వాడు చనిపోయాడు. నిన్న పొద్దున, లారీ తిరగబడింది. నేను నీతో వస్తాను’ అన్నాడు. అంతే తల్లీ. ఒక్క ముక్క మింగలేదు. చూపు తిప్పలేదు. వస్తానన్నవాడు వచ్చాడు కూడా, రెండు రోజులు రైల్లో. మా వాణ్ణి తీసుకొచ్చేటప్పుడు పెట్టె మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు.”

ఆమె గోడ వదిలి ఆయన వైపు తిరిగింది.

“మరి ఈ సెలవులు?”

దర్జీ మామయ్య పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. అంతకుముందు సెలవులూ లేవు, చీటీలూ లేవట. ఆ బల్ల దగ్గర సెలవులయ్య అంతటి రాక్షసుడు లేడట. చచ్చాడు అని కేకపెట్టి, సైనికుణ్ణి బొటనవేలితో మీటి, తొడ చరిచేవాడట. కొడుకు పోయిన నెలన్నరకు, ఇంట్లో గోడ చూస్తూ కూర్చున్న దర్జీని చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ బల్ల ముందు కూర్చోబెట్టాడు. రెండో ఎత్తుకే ఒక సైనికుడు పడ్డాడు.

“అలవాటుకొద్దీ ‘చ’ అన్నాడు. అని ఆగిపోయాడు. నన్ను చూశాడు. చెమటలు పట్టాయి మనిషికి. జేబులు తడుముకుని, ఏం దొరక్క, ఆఫీసు సెలవు ఫారం తీశాడు. ‘వీడికి... వీడికి జలుబు చేసింది బావా, మూడు రోజులు ఇంటికి పంపుతున్నా’ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా వాడు పోయాక నేను నవ్వడం అదే మొదలు. అది చూశాడు మీ నాన్న. ఇక వదుల్తాడా?”

“ముప్ఫై ఏళ్ళా మామయ్యా?”

“ప్రాణం తోడేశాడమ్మా. గంటలో అయ్యే యుద్ధం మూడు వారాలు. రెండేళ్ళకే నాకు ఆ మాటంటే జంకు పోయింది. చచ్చాడనెయ్ బావా, ఏం పర్లేదు అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. కానీ మనిషి ఒక్కో సీసపు ముక్కకు అంత బుర్ర బద్దలుకొట్టుకుని కొత్త కారణం వెతుకుతుంటే ఎలా చెప్పను? పోనీలే, ఆయన సరదా ఎందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నాను.”

ఒకరి కోసం ఒకరు ముప్ఫై ఏళ్ళు భరించిన సరదా అది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, రెండూ సగం సగంగా ఆగాయి.

“పిరికివాడనుకున్నాను మామయ్యా, నాన్నని. ఆసుపత్రిలో కూడా...”

“ఆ కబురు ఒకసారి ఒకడి ఒడిలో పెట్టి వాడి మొహం చూసినవాడమ్మా మీ నాన్న. తన కూతురి మొహం కూడా అలా అవడం చూడలేకపోయాడేమో. దాన్ని భయమంటే భయమే అను. కాదనను.”

ఆయన మెడలో టేపును వేలికి చుట్టి విప్పాడు. తర్వాత ఆయన, నాకు నిన్నటితో నలభై రోజులు అయిపోయాయి అన్నాడు. ఇవాళ నలభై ఒకటో రోజు.

“ఆదివారం ఆదివారం ఫోన్ చేసి చీటీలు చదివి వినిపించేవాడు. మూడు ఆదివారాలు ఫోను రాలేదు. మా అమ్మాయి ఒకసారి లైను పాడైందంది, ఒకసారి మీ నాన్నకు గొంతు బాగాలేదంది. నాకు తెలియదా తల్లీ? డాక్టరు ఏడవద్దన్నాడని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. కానీ తెలిస్తే సరిపోదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చెప్పాలి. నువ్వు చెప్పు.”

ఆమె స్టూలు లాక్కుంది. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. ఆయన కళ్ళద్దాల వెనక కళ్ళు కనిపించడంలేదు, అయినా అటే చూసింది.

“మామయ్యా, నాన్న చనిపోయాడు. గుండె ఆగింది. ఇరవై నాలుగు రోజులైంది. నేను పక్కనే ఉన్నాను.”

దర్జీ మామయ్య తల ఊపాడు. కళ్ళద్దాలు తీసి బల్ల అంచున పెట్టాడు. మూడు వారాలు దాచుకున్నది దాచుకున్నట్టు వచ్చింది. చప్పుడు లేకుండా, ఆగకుండా. చేతి వెనకభాగంతో తుడుచుకోబోతే ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

“రుద్దకు మామయ్యా. కింద నుంచి అద్దుకో.”

ఆయన బుద్ధిగా కింద నుంచి అద్దుకున్నాడు. ఆమె తన కళ్ళు మాత్రం ఎలా పడితే అలా రుద్దుకుంది. లోపల ఏదో ముల్లు ఊడినచోట మంటగా, కానీ తేలిగ్గా ఉంది.

చాలాసేపటి తర్వాత ఆమె నిజంగానే టీ పెట్టి తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, బల్ల మధ్యలో పరిచిన నీలం రంగు లైనింగు గుడ్డ పట్టీని చూపించాడు. అది నది. ఆయన దుకాణంలోంచి వచ్చిన ముక్కే.

“నీకొకటి చెప్పాలమ్మా. ఇక దాచి ఏం లాభం. మీ నాన్న టీకని లోపలికి వెళ్ళినప్పుడల్లా ఈ నదిని రెండు వేళ్ళు నా వైపుకు జరిపేవాణ్ణి. నా గుర్రాలు చటుక్కున దాటేసేవి. పాపం, బావ ఒక్కనాడూ కనిపెట్టలేదు.”

కూతురు గ్లాసు కింద పెట్టింది.

“నాన్నకు తెలుసు మామయ్యా. నువ్వు వెళ్ళాక ప్రతి ఆదివారం సాయంత్రం మళ్ళీ రెండు వేళ్ళు వెనక్కి జరిపేవాడు. నేనే పట్టుకునేదాన్ని రెండో కొస.”

దర్జీ మామయ్య నోరు తెరిచి నదిని చూశాడు, గుర్రాలను చూశాడు, మళ్ళీ నదిని చూశాడు.

“అదా సంగతి,” అన్నాడు నెమ్మదిగా. “మరుసటి వారం వచ్చేసరికి నా సైన్యం నీళ్ళలో ఎందుకు నిలబడి ఉంటుందా అని ముప్ఫై ఏళ్ళు బుర్ర పగలగొట్టుకున్నాను.”

తడి కళ్ళతోనే వంగి, గుర్రాలను ఒక్కొక్కటే వేళ్ళతో ఎత్తి, గట్టు మీద పెట్టసాగాడు.